కిందికి దించిన సివిక్‌కి వెనక క్యాంబర్ ఆర్మ్‌లు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి

పొట్టి స్ప్రింగులతో కిందికి దించిన కారు వెనక టైరు పక్కనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. వంగి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి లోపలి అంచు తడిమితే అసలు సంగతి తెలుస్తుంది. బయటి సగంలో గాడులు ఇంకా 5 మిల్లీమీటర్ల లోతుంటాయి, లోపలి అంచు మాత్రం రెండు వేళ్ల వెడల్పున నున్నగా గుండు గీసినట్టుంటుంది. అలాగే ఇంకొన్నాళ్లు తిప్పితే రబ్బరు కింది తీగలు బయటపడతాయి. అవి కంటికి కనపడని వైపే ఉంటాయి కాబట్టి టైరు పేలేదాకా ఎవరికీ తెలియదు. మే నెల ఎండలో విజయవాడ హైవే మీద నూరు స్పీడులో వెళ్తున్నప్పుడు అది జరగకూడదు. అందుకే వెనక ఆర్మ్‌లు మార్చే ఈ పనిని సోకు కోసం చేసేదిగా చూడకండి.

ఇక్కడ చెప్పేదంతా 2006 నుంచి 2013 దాకా మన దేశంలో అమ్ముడైన ఎనిమిదో తరం హోండా సివిక్ గురించి. దీని వెనక చక్రాలకు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ ఉంది: ముందుకు సాగే ఒక ట్రెయిలింగ్ ఆర్మ్, కింద అడ్డంగా ఆర్మ్‌లు, పైన ఒక పొట్టి ఆర్మ్. నిలువునుంచి చక్రం ఎంత వాలిందో ఆ కోణమే క్యాంబర్, పైభాగం లోపలికి వాలితే నెగటివ్. ఆ వాలు సరిచేయడానికి ఈ పై ఆర్మ్ స్థానంలో వేసే, పొడవు మార్చుకోగలిగినదే క్యాంబర్ ఆర్మ్. స్విఫ్ట్, ఐ20, పోలో, సిటీ లాంటి కార్లకు వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం, ఉంటుంది. వాటికి క్యాంబర్ ఆర్మ్ అనే భాగమే లేదు, కాబట్టి ఎవరైనా "మీ కారుకి సెట్ చేస్తాం" అంటే డబ్బులివ్వకండి. స్కోడా లారా, జెట్టా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి వాటికి విడి సస్పెన్షనే గానీ ఏ ఆర్మ్ మార్చాలన్నది మారుతుంది. సూత్రం ఒకటే, భాగాలు వేరు.

సివిక్‌ని దించితే చక్రం పైభాగం లోపలికి ఎందుకు వాలుతుందంటే, పై ఆర్మ్ కింది ఆర్మ్‌ల కంటే పొట్టిది. చక్రం పైకి లేచేకొద్దీ రెండూ తమ తమ వృత్తాల్లో తిరుగుతాయి. పొట్టిదాని వృత్తం చిన్నది కాబట్టి అది చక్రం పైభాగాన్ని ఎక్కువగా లోపలికి లాగుతుంది. మలుపులో కారు వాలినప్పుడు టైరు నేలకు చదునుగా ఆనడానికి కంపెనీ కావాలనే అలా పెట్టింది. కారును శాశ్వతంగా దించినప్పుడు ఆ వాలు కూడా శాశ్వతమవుతుంది. ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్న వాటికీ ఈ బాధ తప్పలేదు. అమెరికాలో 2006, 2007 మోడల్ సివిక్‌ల వెనక టైర్లు అసమానంగా అరుగుతున్నాయని ఫిర్యాదులు వస్తే, హోండా చేసిన మరమ్మతు పై ఆర్మ్‌లు మార్చడమే. మనం చేయబోయేది కూడా అదే, కాకపోతే పొడవు మన చేతిలో ఉంటుంది.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. టైరు అరిగిందని ఆర్మ్‌లు ఆర్డర్ పెట్టేస్తారు. నిజానికి టైరును తినేసేది ముందు టో, ఆ తర్వాతే క్యాంబర్. టో అంటే పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. టో తప్పితే టైరు ప్రతి మీటరూ కొంచెం పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. రెండు డిగ్రీల నెగటివ్ క్యాంబర్‌తోనూ టో సరిగ్గా ఉంటే టైరు చాలాకాలం నిలుస్తుంది. ఒక డిగ్రీయే ఉన్నా టో బయటికి ఉంటే కొన్ని వేల కిలోమీటర్లకే లోపలి అంచు పోతుంది.

ఏది ఎక్కువ తింటోందో అరచేయే చెబుతుంది. ట్రెడ్ మీద అడ్డంగా లోపలినుంచి బయటికి ఒకసారి, బయటినుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒక దిక్కున నున్నగా జారి, తిరుగు దిక్కున రంపం పళ్లలా గీసుకుంటే అది టో పని. ఎటు రాసినా ఒకేలా, లోపలికి వెళ్లేకొద్దీ వాలుగా అరిగి ఉంటే క్యాంబర్ పని. దించిన కార్లలో రెండూ కలిసే కనిపిస్తాయి.

ఇంట్లోనే క్యాంబర్ కొలవొచ్చు. చదునైన నేల, నాలుగు టైర్లలో సరైన గాలి, స్టీరింగ్ సూటిగా, డిక్కీలో రోజూ ఉండే సామానే. గోడ నిలువు చూడ్డానికి మేస్త్రీలు వేలాడదీసే గుండుదారం తీసుకుని చక్రం మధ్యగా వచ్చేలా ఫెండర్‌కి టేపుతో అతికించండి. దారం నుంచి రిమ్ పై అంచుకి ఎంత, కింది అంచుకి ఎంత అని స్కేలుతో కొలవండి. 16 అంగుళాల మీద, అంటే 406 మిల్లీమీటర్ల దూరంలో, 7 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీతో సమానం. మీరు కొలిచిన రెండు బిందువుల మధ్య దూరం వేరైతే ఆ దూరాన్ని 0.0175తో గుణించండి, ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. పై అంచు దారానికి దూరంగా ఉంటే నెగటివ్. అయస్కాంతపు డిజిటల్ యాంగిల్ గేజ్ ఉంటే ఇంకా సులువు, కానీ ముందు నేల వాలును కొలిచి తీసేయడం మరవొద్దు.

నెగటివ్ 2 డిగ్రీల లోపే ఉంటే ఆర్మ్‌లు అక్కర్లేదు. అలైన్‌మెంట్‌లో, అంటే చక్రాల కోణాలు సరిచేసే పనిలో, టో సరిచేయిస్తే చాలు. సివిక్‌లో వెనక టోకి కింది ఆర్మ్ లోపలి చివర క్యామ్ బోల్టు (తిప్పితే ఆర్మ్‌ని కొంచెం పక్కకు జరిపే బోల్టు) ఉంది, క్యాంబర్‌కి మాత్రం కంపెనీ ఏ సర్దుబాటూ ఇవ్వలేదు. 2.5 డిగ్రీలు దాటితే ఆర్మ్‌ల మాట ఎత్తొచ్చు. ఎడమ, కుడి చక్రాల మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే అది దించడం వల్ల వచ్చింది కాదు. గుంతలో పడి ఏదో వంగింది, లేదా ట్రెయిలింగ్ ఆర్మ్ ముందువైపు పెద్ద బుష్ (ఇనుప స్లీవ్, అంటే గొట్టం, చుట్టూ రబ్బరు ఉండే కీలు) చిరిగింది. ఆ బుష్‌ని తప్పకుండా చూడండి. ఈ కార్లన్నిటికీ ఇప్పుడు పన్నెండేళ్లు దాటాయి. గడ్డపార లాంటి కడ్డీతో మెల్లగా నెట్టితే ఇనుప స్లీవ్ రబ్బరునుంచి విడిపోయి ఊగుతోందంటే, ముందు అది మార్చాలి. లేకపోతే ఎంత ఖరీదైన ఆర్మ్ వేసినా అలైన్‌మెంట్ నెల కూడా నిలబడదు.

ఏ ఆర్మ్?

బజార్లో దొరికేవాటిలో అసలు తేడా రెండు చోట్లే: పొడవు ఎలా మారుతుంది, చివర్లలో ఏ బుష్ ఉంది.

పొడవు మార్చే పద్ధతుల్లో టర్న్‌బకిల్ మంచిది. ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర. ఆర్మ్‌ని కారు మీద ఉంచే, లాక్ నట్లు వదులు చేసి మధ్య కడ్డీ తిప్పితే పొడవు మారుతుంది. అలైన్‌మెంట్ మెషీన్ మీద కారు ఉండగానే పని అవుతుందన్నది దీని పెద్ద సుఖం. రెండో రకానికి ఒక చివరే మర ఉంటుంది. ప్రతిసారీ బోల్టు విప్పి అరచుట్టు తిప్పి మళ్లీ పెట్టాలి. మూడోది పొడవాటి రంధ్రంలో రెండు పలకలు జారే రకం. ధర తక్కువ, కానీ పట్టుకోవలసిందంతా బోల్టు బిగింపే. మన స్పీడ్ బ్రేకర్లకీ గుంతలకీ అది జారుతుంది, జారితే క్యాంబర్ ఒక్కసారిగా మారిపోతుంది. జారే రకం వద్దు.

బుష్‌ల సంగతికొస్తే, రోజూ తిరిగే కారుకి గట్టి రబ్బరే సరైనది. నిశ్శబ్దంగా ఉంటుంది, గ్రీజు అడగదు, వానకీ దుమ్ముకీ తట్టుకుంటుంది. పాలీయురేథేన్ బుష్ గట్టిది, స్టీరింగ్ తిప్పితే స్పందన చురుగ్గా ఉంటుంది. కానీ సిలికాన్ గ్రీజు ఎండిపోగానే మంచం కిర్రుమన్నట్టు మొదలుపెడుతుంది. గుండ్రటి ఉక్కు బంతి ఉండే పిల్లోబాల్ కీలు రేసు ట్రాక్ కోసం. పైన రబ్బరు తొడుగు లేకుండా మన రోడ్ల మీద వాడితే దుమ్ము, బురద నీళ్లు లోపలికి పోయి కొన్ని నెలల్లోనే టకటకలాడుతుంది. వినడానికి షాక్ అబ్జార్బర్ పోయినట్టే ఉంటుంది కాబట్టి దాని మీద డబ్బు తగలేస్తారు.

స్కంక్2, హార్డ్‌రేస్, ఎస్పీసీ లాంటి కంపెనీలు ఈ సివిక్‌కి ఆర్మ్‌లు చేశాయి. వాటికి నకళ్లూ ఉన్నాయి. పెట్టె తెరవగానే ఈ నాలుగూ చూడండి. వెల్డింగ్ చుట్టూరా తెగకుండా ఉందా. బుష్ లోపలి స్లీవ్ పొడవు పాత ఆర్మ్‌దానితో వెర్నియర్ మీద సరిపోతుందా: అర మిల్లీమీటరు పొడవైతే బ్రాకెట్‌లో దూరదు, పొట్టిదైతే బోల్టు బిగించినప్పుడు బ్రాకెట్ చెవులు లోపలికి వంగుతాయి. బోల్టు స్లీవ్‌లో లొడలొడలాడకుండా ఉందా. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మీకు కావలసిన పొడవుకి తిప్పాక ఎంత మర లోపల మిగులుతోంది. మర వ్యాసం 14 మిల్లీమీటర్లయితే కనీసం 14, వీలైతే 20 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. అంతకు తక్కువైతే ఆ ఆర్మ్ మీ కారుకి పొట్టిది.

ఇనుము కొనేముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కారులో మార్పులకు హద్దులు పెట్టింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని చెప్పింది. కారు దించి ఉన్నవాళ్లు బీమా కంపెనీతో ఈ విషయం ముందే మాట్లాడుకోవడం మంచిది.

లెక్క

క్యాంబర్ ఎంత మారాలో తెలిస్తే ఆర్మ్ ఎంత పొడవు చేయాలో ముందే తెలుస్తుంది. చక్రం వైపు పై ఆర్మ్ బోల్టు మధ్యనుంచి కింది ఆర్మ్ బోల్టు మధ్యకి నిలువు దూరం కొలవండి. అది 230 మిల్లీమీటర్లు అనుకుంటే, 230ని 0.0175తో గుణిస్తే సుమారు 4. అంటే ఆర్మ్ 4 మిల్లీమీటర్లు పెరిగితే ఒక డిగ్రీ. ఇప్పుడు నెగటివ్ 3 ఉంది, నెగటివ్ 1.5కి రావాలంటే 6 మిల్లీమీటర్లు పెంచాలి. మర పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లయితే టర్న్‌బకిల్ ఒక చుట్టుకి రెండు చివరలూ కలిపి 3 మిల్లీమీటర్లు, కాబట్టి రెండు చుట్లు. ఆరు పలకల కడ్డీ అయితే ఒక్క పలక తిరిగినప్పుడల్లా అర మిల్లీమీటరు, అంటే డిగ్రీలో ఎనిమిదో వంతు. మెషీన్ మీద చివరి సర్దుబాటుకి ఈ పలక లెక్క బాగా పనికొస్తుంది.

రోజువారీ కారుకి వెనక నెగటివ్ 1 నుంచి 1.5 మధ్య పెట్టండి. సున్నాకి తేవాలన్న ఆశ వద్దు. వెనక చక్రాలకు కొంచెం వాలు లేకపోతే వాన రోడ్డు మీద మలుపులో తోక జారుతుంది. ముందు చక్రాలు రెండున్నర డిగ్రీల వాలులోనే ఉండి వెనకవి నిటారుగా చేస్తే ఈ గుణం ఇంకా ముదురుతుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. క్యాంబర్ తగ్గితే టైరు పైభాగం బయటికి వస్తుంది. ఒకటిన్నర డిగ్రీకి టైరు నెత్తి 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఫెండర్ వైపు జరుగుతుంది. వెడల్పు రిమ్‌లు, స్పేసర్లు వేసిన కారులో అప్పటిదాకా తగలని టైరు ఇప్పుడు ఫెండర్ లోపలి మడతకు రాసుకుంటుంది. అక్కడ రెండు వేళ్లు దూరే ఖాళీ లేకపోతే రిమ్ సంగతి ముందు చూసుకోవాలి.

బిగించడం

ముందురోజు రాత్రి పై ఆర్మ్ రెండు బోల్టుల మీదా, టో క్యామ్ బోల్టు మీదా తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ల కార్లకూ, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఈశాన్య రాష్ట్రాల కార్లకూ ఇది రెండుమూడుసార్లు చేయాలి. అక్కడ బోల్టు స్లీవ్‌కి అంటుకుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే బోల్టు తల తెగి చేతికొస్తుంది.

కావలసినవి: ట్రాలీ జాకీ ఒకటి, స్టాండులు రెండు, చిన్న జాకీ ఇంకొకటి, 10, 14, 17, 19 సాకెట్లు, పొడవాటి బ్రేకర్ బార్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా), లాక్ నట్‌కి సరిపోయే రెండు ఓపెన్ పానాలు, సుద్దముక్క, టేపు, కాపర్ గ్రీజు.

కారు నేల మీద ఉండగానే, చక్రం నడిమధ్యనుంచి ఫెండర్ అంచుదాకా నిలువుగా కొలిచి, రెండు వైపులా ఆ అంకెలు ఫెండర్ మీద టేపు అంటించి రాయండి. ఈ అంకె లేకుండా జాకీ ఎత్తకండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

చక్రం నట్లు నేల మీదే కొంచెం వదులు చేయండి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అవే గాల్లో ఉంటాయి కాబట్టి దాన్ని నమ్మొద్దు. కారెత్తి స్టాండులు వేసి, కారును చేత్తో ఊపి చూశాకే చక్రం తీయండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద చెయ్యి కూడా పెట్టకండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి, ఎలా ఉండాలో చూసుకోవడానికి రెండోది నమూనాగా ఉంటుంది.

చిన్న జాకీని కింది ఆర్మ్ చక్రంవైపు చివర కింద పెట్టి, బరువు కొంచెం అందేదాకా లేపండి. ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం క్లిప్పులు ఆర్మ్‌కి గానీ దాని దగ్గర్లో గానీ ఉంటే విప్పి పక్కకి కట్టండి. చక్రం వైపు బోల్టు ముందు, లోపలి బోల్టు తర్వాత తీయండి. మొదటి బోల్టు రాగానే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) పైభాగం బయటికి వాలుతుంది. దాన్ని పట్టుకోకపోతే ఆ బరువంతా బ్రేకు గొట్టం మీద పడుతుంది.

పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ పక్కపక్కన పెట్టి రంధ్రాల మధ్యలు సరిచూసి, ముందు కొత్తదాన్ని సరిగ్గా పాత పొడవుకి తెండి. ఆ తర్వాత లెక్క ప్రకారం చుట్లు తిప్పండి. మర రెండు చివర్లా సమానంగా బయటికి రావాలి. ఒక చివరే పొడవుగా వస్తే రెండో చివర లోపల చాలినంత మర ఉన్నా మొదటిది తక్కువలో ఉంటుంది. మరలకు కాపర్ గ్రీజు పల్చగా రాయండి, లేకపోతే రెండు వానాకాలాలకు టర్న్‌బకిల్ గడ్డకట్టి తిరగదు. లాక్ నట్లు మెషీన్ మీద తేలిగ్గా అందేలా పలకలు కిందివైపు ఉండేట్టు పెట్టండి.

ఆర్మ్ ఎక్కించి రెండు బోల్టులూ చేత్తో తిప్పగలిగినంతే బిగించండి. ఇక్కడే ఆగండి.

రబ్బరు బుష్ లోపలి స్లీవ్ బోల్టు బిగించగానే బ్రాకెట్‌కి కదలకుండా అతుక్కుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ తిరిగితే తిరిగేది మధ్యలోని రబ్బరే, అది మెలిపడుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు నేలమీదకు దిగిన క్షణంనుంచీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. ఊరికే నిలబెట్టినా అంతే. కొన్ని నెలల్లో చిరుగుతుంది, ఈలోగా కారు వెనక కొంచెం ఎత్తుగా కూర్చుంటుంది. కొత్త ఆర్మ్‌లు తొందరగా పాడైపోయాయన్న కేసుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే. కాబట్టి చిన్న జాకీని లేపుతూ, హబ్ మధ్యనుంచి ఫెండర్‌కి దూరం మీరు టేపు మీద రాసిన అంకెకు వచ్చేదాకా తెండి. అప్పుడు టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించండి. బోల్టుల టార్క్ మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ నుంచి, లాక్ నట్ల టార్క్ ఆర్మ్ తయారీదారు కాగితం నుంచి తీసుకోండి. జాకీ లేపుతుంటే స్టాండు మీదనుంచి కారు లేవడం మొదలైతే ఆపండి. డిక్కీలో ఇద్దరు కూర్చునేంత బరువు పెట్టో, చక్రాలు ఆనించే ర్యాంపు మీదో ఆ పని చేయించండి.

అదే ఎత్తులో ఉండగా టర్న్‌బకిల్ చుట్టూ చూడండి. పైన బాడీకీ ఆర్మ్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉంది? దించిన కారులో ఆర్మ్ అప్పటికే పైకి వాలి ఉంటుంది, గుంతలో ఇంకా లేస్తుంది. లావైన లాక్ నట్ బాడీకి తగిలితే పెద్ద "ఠంగ్" మని వినిపిస్తుంది, అక్కడ పెయింటు లేచి మెరుస్తుంది. తగిలే సూచన ఉంటే షాక్ అబ్జార్బర్ మీది బంప్ స్టాప్‌లు (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు ముక్కలు) అరిగిపోయాయేమో చూడాలి.

చక్రం పెట్టి, కారు దించి, నట్లు అడ్డదిడ్డంగా ఎదురెదురుగా 108 న్యూటన్ మీటర్లకు బిగించండి. రెండో వైపూ అంతే.

అలైన్‌మెంట్

పై ఆర్మ్ పొడవు మారగానే టో కూడా మారుతుంది. అందుకే అలైన్‌మెంట్ సెంటర్‌కి అదే రోజు, నెమ్మదిగా, దగ్గర దారిలో వెళ్లండి. వెనక చక్రాలకు కూడా సెన్సర్లు తగిలించే నాలుగు చక్రాల మెషీన్ ఉన్నచోటికే వెళ్లండి. కొన్నిచోట్ల ముందు టో మాత్రమే చూసి పంపించేస్తారు, "వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అంటారు. టర్న్‌బకిల్ ఎక్కడుందో మీరే చూపించండి.

వరస తప్పకూడదు: ముందు వెనక క్యాంబర్, తర్వాత వెనక టో, ఆ తర్వాతే ముందు చక్రాలు. క్యాంబర్ ఎడమ కుడి మధ్య 0.3 డిగ్రీ లోపు తేడా ఉండాలి. వెనక టో మొత్తం మీద సుమారు 2 మిల్లీమీటర్లు లోపలికి, రెండు చక్రాలకూ సమానంగా పంచి పెట్టించండి. ఒకవైపే మొత్తం పడితే కారు పీతలా పక్కకు నడుస్తుంది, స్టీరింగ్ వంకరగా ఉంటుంది. టో క్యామ్ బోల్టు బిగించాక అంకె మళ్లీ చదవమనండి, బిగింపులో అది కొంచెం జరుగుతుంది. పనికి ముందు, తర్వాత ప్రింటు రెండూ తీసుకోండి. లాక్ నట్లు బిగించాక సుద్దతో నట్ మీదనుంచి కడ్డీ మీదకు ఒక గీత గీయండి. నట్ వదులైతే ఆ గీత విరిగి కనిపిస్తుంది.

తర్వాత వచ్చే శబ్దాలు

100 కిలోమీటర్లకు అన్ని బోల్టులూ, లాక్ నట్లూ ఒకసారి, 1,000కి ఇంకోసారి టార్క్ రెంచ్‌తో చూడండి. చిన్న స్పీడ్ బ్రేకర్ మీద ఒక్క "టక్" మంటే లోపలి బోల్టు వదులు, లేదా స్లీవ్ పొట్టిది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కిర్రుమంటే పాలీయురేథేన్ బుష్ గ్రీజు అడుగుతోంది. వేగం పెరిగేకొద్దీ పెరిగే హోరు ఆర్మ్‌ది కాదు. పాత టైరు ట్రెడ్ గుంతలు పడి అరిగింది, అలైన్‌మెంట్ సరిచేసినా ఆ ఆకారం పోదు. వీల్ బేరింగ్ పోయిందని అనుకునేలా ఉంటుంది ఆ హోరు, కాబట్టి బేరింగ్ మార్చేముందు ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి వినండి. శబ్దం చక్రంతోపాటు ముందుకు వస్తే టైరుదే. లోపలి అంచున తీగలు కనిపిస్తున్న టైరుని మాత్రం ఎటూ మార్చకండి, తీసేయండి.

పాత ఆర్మ్‌లను బోల్టులతో సహా గోనె సంచిలో చుట్టి, ఏది ఏ వైపుదో రాసి దాచండి. కారు అమ్మేటప్పుడో, స్ప్రింగులు మళ్లీ కంపెనీవి వేసినప్పుడో అవే కావాలి. ఎత్తు పాతదానికి వచ్చినా పొడవు పెంచిన ఆర్మ్‌లు అలాగే ఉంటే చక్రాలు ఈసారి బయటికి వాలి టైరు బయటి అంచు పోతుంది.